గాజువాక ఆటోనగర్‌లో బోర్డు లేని షెడ్డు: 90 దగ్గర వణికే పాత స్విఫ్ట్‌కి అసలు రోగం ఇక్కడే తెలిసింది

పాత కారు సిటీలో బుద్ధిగా నడుస్తూ, హైవే ఎక్కి 90 దగ్గరికి రాగానే వణకడం మొదలుపెడుతోందా? అయితే ఒకటి తర్వాత ఒకటి పార్టులు మార్పించుకునే ముందు విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ఉన్న ఈ షెడ్డుకి ఒకసారి వెళ్లండి. పేరు రాద్దామంటే పేరు లేదు, ఆయన బోర్డే పెట్టలేదు. లోపల లేత్ పనులు చేసే వీధిలోకి వెళ్లి, స్టీరింగ్, సస్పెన్షన్ పనులు మాత్రమే చేసే పెద్దాయన షెడ్డు ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. నేను ఐదుకి ఐదు ఇస్తున్నాను. బండి బాగుచేసేవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు, కానీ ఒక్క నట్టు విప్పకముందే రోగం ఎక్కడుందో సగం తేల్చేసి, ఏది మార్చాలో, ఏది మార్చక్కర్లేదో, ఎందుకు అక్కర్లేదో కూడా విడమరిచి చెప్పే మనిషిని మాత్రం నేను ఈయన్నే చూశాను.

మాది 2010 డీజిల్ స్విఫ్ట్, ఏపీ 31 బండి. నాన్నగారు ముచ్చటపడి కొన్నది. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ కూడా చేయించాం, అంటే ఇప్పట్లో దాన్ని అమ్మే ఉద్దేశం లేదు. ఇంజిన్‌కి వంక పెట్టడానికి లేదు. ఉండేది మధురవాడ, సొంతూరు శ్రీకాకుళం వైపు, కాబట్టి ఆనందపురం, తగరపువలస మీదుగా నేషనల్ హైవే 16 మీద రాకపోకలు ఎక్కువ. 80 దాకా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. 85 దగ్గర స్టీరింగ్‌లో సన్నగా మొదలై, 95కి వచ్చేసరికి పిండిమిల్లు గోడ మీద చేతులు పెట్టినట్టు మోచేతుల దాకా దడదడ వచ్చేది. వందకి దగ్గర పడితే కొంచెం తగ్గినట్టు అనిపించేది. పక్కన అమ్మ కూర్చుంటే ఇక ఊరు చేరేదాకా ఆవిడకి టెన్షనే, చక్రం ఊడిపోతుందేమో అని.

దీనికి ముందు ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే చాలామందికి జరిగేది ఇదే. ఒక టైర్ షాపులో నాలుగు చక్రాలకీ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానం చేయడం), అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాలు సరిచేయడం) చేశారు. మెషిన్ మీద సున్నా సున్నా అని చూపించింది, బండి మాత్రం ఎప్పటిలాగే వణికింది. తర్వాత ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకి అందించే రెండు యాక్సిళ్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, బ్రేకు డిస్కులు, చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే లోయర్ ఆర్ములు అన్నీ వరసగా రాసి పాతిక వేలు దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. వీటిలో ఏది పాడైతే ఈ వణుకు వస్తోంది అని అడిగితే, పాత బండి కదా సార్, అన్నీ మారిస్తే పోతుంది అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అన్నీ మారిస్తే పోతుందని చెప్పడానికి మెకానిక్ ఎందుకు? రోగం చెప్పకుండా మందుల షాపు మొత్తం రాసిచ్చే డాక్టర్‌ని మనం ఒప్పుకోం కదా. ఆ షాపుల పేర్లు ఇక్కడ రాయను, అవసరం కూడా లేదు.

ఇక షెడ్డు సంగతి. రేకుల కప్పు, లోపల ఒక గొయ్యి, గోడకి తగిలించిన స్పానర్లు, మూలన పాత బ్యాలెన్సింగ్ మెషిన్, పెద్దాయన, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు. నేను వెళ్లగానే ఆయన బోనెట్ ఎత్తలేదు, జాకీ పెట్టలేదు. స్టూలు జరిపి కూర్చోమని, "ఏ స్పీడులో వస్తాది బాబూ?" అని మొదలుపెట్టారు. 85 నుంచి, 95 దగ్గర ఎక్కువ అన్నాను. "చేతుల్లో వస్తాదా, కూర్చున్న కాడ వస్తాదా?" చేతుల్లోనే బాబాయ్, స్టీరింగ్‌లో. "బ్రేకు తొక్కితే పెరుగుతాదా?" లేదు. "ఏక్సిలేటర్ ఒదిలేస్తే తగ్గుతాదా?" దానికి నేను ఆలోచించుకోవాల్సి వచ్చింది, అంత గమనించలేదని చెప్పాను. "మరేటి పర్లేదు, ఎళ్లి చూద్దాం పద" అని తాళాలు తీసుకున్నారు.

ఆ ప్రశ్నల వెనకున్న లెక్క దారిలో ఆయనే చెప్పారు, అది వింటే సగం డబ్బులు మిగులుతాయి కాబట్టి రాస్తున్నాను. స్టీరింగ్‌లో వణుకు వస్తే ఎక్కువ శాతం ముందు చక్రాల వైపు చూడాలి, సీటులో, కాళ్ల కింద ఫ్లోర్‌లో వస్తే వెనక చక్రాల వైపు. మామూలుగా బాగానే ఉండి బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే స్టీరింగ్ కొట్టుకుంటుంటే అది డిస్కుల సంగతి, డిస్కు మందం అంతటా ఒకేలా లేకుండా అరిగిపోతే ప్యాడ్లు పట్టినప్పుడల్లా ఆ ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి. ఏక్సిలేటర్ గట్టిగా తొక్కినప్పుడు వణికి, కాలు తీయగానే ఆగిపోతే యాక్సిల్ లోపలి జాయింట్ అరిగిందని అనుమానించాలి. అదే బయటి జాయింట్ పోతే వణుకు కంటే ముందు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తిరిగినప్పుడు టక్ టక్ అని శబ్దం వస్తుంది. బేరింగ్ పోతే వణుకు కంటే ఊళ ఎక్కువ, స్పీడుతో పాటు పెరుగుతుంది, స్టీరింగ్ కాస్త అటూ ఇటూ అన్నప్పుడు ఆ ఊళ మారుతుంది. ఇవేవీ కాకుండా ఒక స్పీడు దగ్గర మొదలై ఇంకో స్పీడు దాటాక తగ్గిపోతుంటే చక్రంలోనే తేడా ఉంది, అంటే బ్యాలెన్స్, టైరు, రిమ్, లేదా చక్రం బిగించే హబ్. మాకు వచ్చేది అచ్చం ఇదే. ఇంత వివరం ముందు వెళ్లిన ఏ చోటా ఎవరూ అడగలేదు, మనం చెప్పబోయినా వినలేదు.

గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా లారీల మధ్య 60 కూడా పడదు. అందుకే లంకెలపాలెం దాటి అనకాపల్లి వైపు కాస్త ఖాళీ దొరికే దాకా ఆయనే నడిపారు. ఖాళీ దొరికాక 90 పెట్టి, వణుకు మొదలవగానే పక్క లేన్‌లోకి మారారు. ఎందుకంటే కొన్నిసార్లు రోడ్డే గతుకులుగా ఉండి బండి మీద అనుమానం వస్తుంది. లేన్ మారినా వణుకు మారలేదు. తర్వాత అదే స్పీడులో ఐదో గేరు నుంచి నాలుగో గేరుకి వేశారు. చక్రాలు తిరిగే వేగం అదే, ఇంజిన్ తిరిగే వేగం మాత్రం పెరిగింది. వణుకు అలాగే ఉంది. దాంతో ఇంజిన్, ఇంజిన్ మౌంటులు, క్లచ్ వైపు చూడక్కర్లేదని తేలిపోయింది. కాలు తీసి వదిలేశారు, అప్పుడూ అలాగే ఉంది, స్పీడు 80 కిందికి దిగాకే పోయింది. అంటే యాక్సిల్ కూడా కాదు. మెల్లగా బ్రేకు వేశారు, తేడా లేదు. ఎస్టిమేట్‌లో రాసిన వాటిలో సగం అక్కడే, ఆ రోడ్డు మీదే ఎగిరిపోయాయి, ఇంకా ఏ పనిముట్టూ చేతిలోకి తీసుకోకుండానే.

ఎందుకు ఆ స్పీడులోనే వస్తుంది అన్నది నాకు పట్టుకుంది, ఇంటికొచ్చి లెక్కేశాను. మా బండివి 165/80 ఆర్14 టైర్లు, చుట్టుకొలత రెండు మీటర్లకి కాస్త తక్కువ. గంటకి 95 కిలోమీటర్లంటే సెకనుకి 26 మీటర్ల పైన, అంటే చక్రం సెకనుకి 13 నుంచి 14 సార్లు తిరుగుతుంది. చక్రం, హబ్, బ్రేకు, వీటి బరువంతా స్ప్రింగు మీద, టైరు గాలి మీద సహజంగా ఊగే వేగం కార్లలో ఇంచుమించు సెకనుకి 10 నుంచి 15 సార్ల మధ్యే ఉంటుంది. చక్రంలో ఉన్న తేడా నెట్టే వేగం, సస్పెన్షన్ సహజంగా ఊగే వేగం ఒకచోట కలిసినప్పుడు చిన్న తేడా పెద్దదై చేతికి వస్తుంది, ఆ స్పీడు దాటాక తగ్గుతుంది. ఇంకో సంగతి, రిమ్ అంచు దగ్గర 30 గ్రాముల తేడా ఉంటే 50లో అది కిలో బరువంత లాగుతుంది, వందలో నాలుగు కిలోల పైన. స్పీడు రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లు అవుతుంది. అందుకే అక్కయ్యపాలెంలోనూ మద్దిలపాలెంలోనూ తిరిగినంత కాలం ఏమీ తెలియదు, హైవే ఎక్కితేనే బయటపడుతుంది.

షెడ్డుకి తిరిగొచ్చాక ముందు భాగం జాకీల మీద లేపారు. మొదట చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపారు, తర్వాత కుడీ ఎడమా పట్టుకుని ఊపారు. పైకీ కిందకీ ఊపినప్పుడు ఆట (వదులు) ఉంటే బేరింగో బాల్ జాయింటో, పక్కలకి ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ ఎండో స్టీరింగ్ రాకో. రెండు వైపులా గట్టిగానే ఉన్నాయి. ఆ తర్వాత చేసిన పని నాకు చాలా నచ్చింది. ఒక ఇటుక తెచ్చి టైరు ముందు పెట్టి, దాని మీద సుద్దముక్క ఆనించి, టైరు ట్రెడ్‌కి ఇంచుమించు తగిలేంత దగ్గరగా జరిపారు. కుర్రాడిని చక్రం మెల్లగా తిప్పమన్నారు. కుడి చక్రం తిరిగినంతసేపూ సుద్ద అక్కడక్కడా తగిలీ తగలనట్టు సన్నటి గీత పడింది. ఎడమ చక్రం తిప్పితే ఒక పక్క జానెడు మేర తెల్లగా దట్టంగా పడింది, మిగతా చుట్టూ ఏమీ లేదు. సుద్దకీ టైరుకీ మధ్య సందు చూడమన్నారు, ఒక చోట అగ్గిపుల్ల దూరేంత ఉంది, తెల్ల మచ్చ పడ్డచోట అసలు లేదు. "టైరు గుండ్రంగా నేదు బాబూ" అన్నారు. అరచేతిని ట్రెడ్ మీద ఆనించి తిప్పించారు, నా చేతిని కూడా పట్టుకుని పెట్టించారు, ఆ మచ్చ దగ్గర సన్నగా ఎత్తు తగిలింది. చూపుకి తెలియనే తెలియదు. టైరు లోపల ఉండే స్టీల్ తీగల బెల్టు ఏదో గుంతలో గట్టిగా కొట్టుకున్నప్పుడు పొరల దగ్గర ఊడి ఉబ్బుతుందట.

మరి బ్యాలెన్సింగ్ మెషిన్ సున్నా ఎలా చూపించింది? నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. షాపుల్లో ఉండే మామూలు మెషిన్ బరువు మాత్రమే చూస్తుంది, గుండ్రంగా ఉందో లేదో చూడదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న టైరుకి కూడా ఎదురుగా బరువు కట్టి సున్నా తెప్పించవచ్చు. కానీ ఆ ఎత్తు రోడ్డు మీద పడినప్పుడల్లా చక్రాన్ని పైకి తంతుంది, దానికి ఏ వెయిట్లూ మందు కాదు.

అయినా ఆయన వెంటనే టైరు మార్చేయండి అనలేదు, ఇది నేను ప్రత్యేకంగా చెప్పాలి. ఒక్కొక్కటే మార్చి చూద్దాం, ఒకేసారి అన్నీ కదిలిస్తే దేనివల్ల పోయిందో తెలీదు అన్నారు. చక్రాలు విప్పాక హబ్ చూపించారు. చక్రం ఆనుకునే ముఖం నిండా తుప్పు, పొరలు పొరలుగా. రిమ్ వెనక భాగంలోనూ అంతే. మన ఊళ్లో సముద్రపు గాలికి ఇది అందరికీ వచ్చే బాధే. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే బండ్లని హబ్ చూసి చెప్పేస్తానని అన్నారు. హబ్ ముఖం మీద మిల్లీమీటరులో మూడో వంతు మందం తుప్పు ఒక పక్కన ఉన్నా చక్రం ఆ మేరకి వంకరగా కూర్చుంటుంది, హబ్ కంటే టైరు నాలుగు రెట్లు పైన వెడల్పు కాబట్టి బయటి అంచు దగ్గర అది మిల్లీమీటరు దాటుతుంది. వైర్ బ్రష్‌తో, తర్వాత ఎమెరీ పేపర్‌తో మెటల్ మెరిసేదాకా గీకించారు. కుర్రాడు పైపైన గీకి అయిపోయిందంటే మళ్లీ గీకించారు. డిస్కుల వైపు కూడా చూసి, అంచు దగ్గర చెయ్యి పెట్టి, ఇంకా బోలెడు మందం ఉందన్నారు.

బ్యాలెన్సింగ్ చేసే తీరు గమనించండి, ఏ షాపుకి వెళ్లినా పనికొస్తుంది. పాత వెయిట్లన్నీ పీకేశారు, రిమ్ లోపల ఎండిపోయిన బురద గీకేశారు, చక్రం మధ్య రంధ్రం శుభ్రంగా తుడిచి మెషిన్ కోన్ మీద కూర్చోబెట్టారు. రిమ్ వెడల్పు, సైజు, మెషిన్ నుంచి దూరం కొలిచి నంబర్లు వేశారు. లోపలి వైపూ బయటి వైపూ విడివిడిగా వెయిట్లు కట్టి, మళ్లీ తిప్పి సున్నా వచ్చాక అక్కడితో ఆపలేదు. చక్రాన్ని వదులు చేసి, షాఫ్ట్ మీద సగం తిప్పి మళ్లీ బిగించి ఇంకోసారి తిప్పారు. చక్రం సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంటే అప్పుడూ సున్నా దగ్గరే రావాలి. సున్నా పోయి ఇరవై, పాతిక గ్రాములు చూపిస్తే మొదటి సున్నా అబద్ధం, కోన్ అరిగిపోయి ఉండాలి, లేదా రంధ్రంలో తుప్పు ఉండాలి. మాకు ముందు చేసిన బ్యాలెన్సింగ్ ఇలా పరీక్షిస్తే నిలవలేదు. ఈ చిన్న పని చేయమని ఏ షాపులోనైనా అడగండి, రెండు నిమిషాల కంటే పట్టదు. నట్లు బిగించడం కూడా వరసగా కాకుండా ఎదురెదురుగా, చక్రం గాల్లో ఉండగానే కొంచెం కొంచెం బిగించి, కిందికి దించాక ఎంత గట్టిగా బిగించామో కొలిచే టార్క్ రెంచ్‌తో పూర్తి చేశారు. ఎయిర్ గన్ పెట్టి ఒక్కసారిగా బిగించేస్తే చక్రం వంకరగా కూర్చునే ప్రమాదం ఉంది, డిస్కు కూడా వంకర తిరగవచ్చు.

మళ్లీ రోడ్డెక్కాం. వణుకు బాగా తగ్గింది, కానీ 92, 95 మధ్య ఇంకా చేతికి తగులుతోంది. అప్పుడు ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడిపారు. స్టీరింగ్ నిశ్చలంగా అయిపోయింది, ఈసారి సన్నటి వణుకు సీటు కింద నుంచి వచ్చింది. అంటే రోగం బండిది కాదు, ఆ రెండు చక్రాల్లో ఒకదానిది, అది ఎక్కడికి వెళ్తే వణుకు అక్కడికి వెళ్తోంది. ఆ రెండింట్లో సుద్ద మచ్చ పడ్డదాన్ని తీసి దాని బదులు స్టెప్నీ వేశారు. పోయింది. పూర్తిగా పోయింది. 95లో స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనించి పట్టుకున్నా ఏమీ లేదు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టడం కష్టం, వణుకు పోయినందుకూ, ఎందుకు పోయిందో కళ్లారా తెలిసినందుకూ.

టైరు మీద తయారీ తేదీ చూపించారు. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మావి 3118, అంటే 2018లో 31వ వారం. బండి తక్కువ తిరగడం వల్ల గాడులు ఇంకా నిండుగానే ఉన్నాయి, చట్టం ప్రకారం ఉండాల్సిన 1.6 మిల్లీమీటర్ల కంటే ఎంతో ఎక్కువ. కానీ రబ్బరు గట్టిపడిపోయింది, గోరు గుచ్చితే దిగదు, గాడుల అడుగున సన్నటి పగుళ్లు. ట్రెడ్ చూసి టైరు బాగుందనుకోకూడదని, ఆరేళ్లు దాటాక ఏటా ఎవరికైనా చూపించాలని చెప్పారు. బెల్టు ఉబ్బిన టైరుని మాత్రం స్టెప్నీగా కూడా ఉంచొద్దన్నారు, హైవే వేగంలో పేలిందంటే ప్రాణాల మీదికి వస్తుంది. కొత్త టైర్లు ముందు రెంటికో వెనక రెంటికో జతగా వేసుకోవాలి కాబట్టి రెండు కొన్నాను, ఆయన అమ్మరు, ఎక్కడ కొనాలో కూడా చెప్పలేదు, తయారీ తేదీ ఆరు నెలల లోపుది చూసి తెచ్చుకో అన్నారంతే.

ఇంతకీ ఆ ఎస్టిమేట్ కాగితం ఆయనకి చూపించాను. కోప్పడలేదు, ఎవరినీ తిట్టలేదు, ఒక్కొక్క దానికీ జవాబు చెప్పారు. యాక్సిల్ జాయింట్ల మీద ఉండే రబ్బరు తొడుగులు (బూట్లు) చిరగలేదు, గ్రీజు బయటికి రాలేదు, ఏక్సిలేటర్‌తో వణుకు మారలేదు, కాబట్టి యాక్సిళ్లు వద్దు. షాక్ అబ్జార్బర్ల మీద ఆయిల్ చెమ్మ లేదు, బండి మూల నొక్కి వదిలితే ఒక్కసారి లేచి కుదురుకుంటోంది, కాబట్టి అవీ వద్దు. డిస్కులు సరే. లోయర్ ఆర్ముల్లో మాత్రం ఒక మాట నిజం, బుష్ రబ్బరు ఎడమ వైపు చీలింది. గొయ్యిలోకి దింపి లైటు వేసి చూపించారు, బార్ పెట్టి ఎత్తితే చీలిక నోరు తెరుచుకుంటోంది. బుష్ అలా వదులైతే చక్రంలో ఉన్న కొద్ది తేడా కూడా స్టీరింగ్‌లోకి పెద్దదై వస్తుంది. కానీ దానికి ఆర్మ్ మొత్తం మార్చక్కర్లేదు, బాల్ జాయింట్ గట్టిగా ఉంది కాబట్టి బుష్‌లు మాత్రం ప్రెస్ చేయించి రెండు వైపులా వేశారు. ఆ పని చేశాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ఆయన దగ్గర ఆ మెషిన్ లేదు, పక్క వీధిలో చేయించుకోమని కుర్రాడిని తోడు పంపారు. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచు అరుగుతుంది, అంతేగానీ వట్టి అలైన్‌మెంట్ వల్ల హైవే వణుకు రాదు. ఈ రెండూ కలిపి చెప్పే షాపులు చాలా ఉన్నాయి, వణుకు అని వెళ్తే ముందు అలైన్‌మెంట్ మెషిన్ ఎక్కిస్తారు.

ఖర్చు: రెండు టైర్లు కాక, బుష్‌లు, ప్రెస్ చేసినందుకు, బ్యాలెన్సింగ్, రోడ్డు మీద అన్నిసార్లు తిప్పి చూసిన కూలి, బయట చేయించిన అలైన్‌మెంట్ అన్నీ కలిపి మూడు వేల లోపే అయింది. రోగం కనిపెట్టడానికి పట్టిన సమయానికి విడిగా కూలి వేసుకోండి బాబాయ్ అన్నాను, పని కూలిలోనే ఉంది అన్నారు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. విప్పి బిగించడం కుర్రాళ్లూ చేస్తారు, మనం డబ్బివ్వాల్సింది ఆ బుర్రకి. వెళ్లేవాళ్లు ఆయన అడిగినదాని మీద కొంత కలిపే ఇవ్వండి.

ఇబ్బందులు కూడా రాయాలి. కూర్చోవడానికి నీడ తప్ప ఏమీ లేదు, ఎండాకాలం రేకుల కింద ఉడికిపోతారు. ఆడవాళ్లు, పెద్దవాళ్లతో వెళ్తే వెయిటింగ్ రూమ్ అంటూ లేదు. ఫోన్ ఎత్తరు, ముందుగా టైము ఇవ్వరు, ముందు వచ్చిన బండి ముందు. తొందరపెడితే అసలు వినరు, సాయంత్రం అవుతుందంటే సాయంత్రమే. బిల్లు కాగితం మీద చేత్తో రాసిస్తారు, ఆఫీసులో చూపించుకోవాల్సిన వాళ్లకి పనికిరాదు. కెమెరాలు, రాడార్ సెన్సార్లు ఉన్న కొత్త కార్లు తీసుకెళ్లకండి, ఆయనే వద్దంటారు. ఏసీ, వైరింగ్, ఇంజిన్ ముట్టుకోరు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకరి పాత శాంత్రోకి అరకు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు వేస్తే స్టీరింగ్ గడగడలాడేది, నా మాట విని వాళ్లూ వెళ్లారు. డిస్కు లేత్ మీద స్కిమ్మింగ్ చేస్తే, అంటే పైపొర చెక్కి చదును చేస్తే, తక్కువలో పోతుందని వాళ్లు అనుకున్నారు. ఆయన మందం కొలిచి, డిస్కు మీద చెక్కి ఉన్న కనీస మందం చదివించి, ఇప్పటికే అంచుకి వచ్చింది, ఇంకా చెక్కితే వేడికి తట్టుకోదు, కొత్తవి వేసుకోండి అన్నారు. అంటే ఆయన ఎప్పుడూ తక్కువ ఖర్చు దారే చెప్తారని కాదు, మార్చాల్సిన చోట మార్చమనే చెప్తారు. ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా రెండో గేరులో దించమని కూడా చెప్పి పంపారట.

మా బండిలో ఇంకో చిన్న వణుకు మిగిలే ఉంది, ఏసీ వేసుకుని హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటు సన్నగా అదురుతుంది, గేరు వేసి కదలగానే పోతుంది. ఇది ఇంజిన్ మౌంట్ రబ్బరు సంగతి అని అప్పుడే చెప్పారు, ఇంజిన్ పని తెలిసిన పక్క షెడ్డు ఆయనతో మాట్లాడి పెట్టారు కూడా. దానివల్ల ప్రమాదం ఏమీ లేదు, వీలు చూసుకుని చేయించుకోమన్నారు.

ఆదివారం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా వెళ్తే మధ్యాహ్నం లోపు రోడ్డు మీద తిప్పి చూస్తారు, ఆలస్యంగా వెళ్తే కూర్మన్నపాలెం ట్రాఫిక్‌లో ఆ స్పీడు పడదని మర్నాడు రమ్మంటారు. బండి ఏ స్పీడులో, ఎక్కడ, ఎప్పుడు వణుకుతోందో చూసుకుని వెళ్లండి, డిక్కీలో సామాను తీసేయండి, స్టెప్నీలో గాలి సరిగ్గా కొట్టించుకోండి, పరీక్షకి ఆయన వాడేది దాన్నే.